ఒడిశా సరిహద్దు జిల్లాల్లో కొత్త వ్యాపారం, తొలి పెట్టుబడి: తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగువాళ్లు వ్యాపారం మొదలుపెట్టే ముందు, మొదలుపెట్టాక అడిగే సందేహాలు దాదాపు ఒకటే. వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. "అనుకుందాం" అని రాసిన ధరలు లెక్క చూపించడానికి వేసినవే, నేటి మార్కెట్ రేట్లు కావు.

## దిగకముందు

చేతిలో ఎనిమిది లక్షలున్నాయి. అంతా వ్యాపారంలో పెట్టేయొచ్చా?

ఎంత పెట్టాలి అన్నది తర్వాతి మాట. ఎంత పోయినా ఇల్లు నడుస్తుంది అన్నది ముందు తేల్చుకోండి. ఏడాది ఇంటి ఖర్చు, నడుస్తున్న వాయిదాలు, పిల్లల ఫీజులు పక్కన తీసిపెట్టండి. ఎనిమిది లక్షల్లో ఇవి మూడు లక్షలు తీసుకుంటే మీ వ్యాపార డబ్బు ఐదు లక్షలే. దాన్నీ ఒక్కసారి దించకూడదు. మూడో వంతు సామాను, అడ్వాన్సులకు, మూడో వంతు సరుకుకు పోనివ్వండి. చివరి మూడో వంతును అరువులు వసూలు కాని నెలల కోసం బ్యాంకులోనే ఉంచండి. షాపు ఫర్నిచరుకీ ప్రారంభోత్సవానికీ సగం ఖర్చుపెట్టి, నాలుగో నెలలో సరుకు కొనడానికి చేతిలో లేక ఆగిపోయే వ్యాపారాలే ఎక్కువ.

ఉద్యోగం మానేసి దిగాలా, పక్కన చేస్తూ చూడాలా?

వ్యాపారం మీ సమయం మొత్తం అడిగేదాకా ఉద్యోగం వదలొద్దు. వారాంతాల్లో పది మంది కొన్నారంటే అది ఇంకా అభిరుచే. అదే పదిమంది రెండోసారి, ధర తగ్గించకుండా కొంటే అప్పుడు ఆలోచించండి. ప్రభుత్వ ఉద్యోగులైతే వేరే చిక్కు ఉంది: ప్రవర్తనా నియమాల ప్రకారం అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. భార్య పేరున పెట్టి వెనక మీరే నడిపితే ఫిర్యాదు వచ్చిన రోజు పేరు కాపాడదు.

జీడి యూనిట్ పెడదామనుకుంటున్నాం. పెద్దగా పెడితేనే లాభం అంటున్నారు, నిజమేనా?

జీడిలో లాభనష్టాలు తేలేది పిక్క కొన్న రోజునే. యంత్రం ఎంత పెద్దదన్నది ఆ తర్వాతి సంగతి. 80 కిలోల బస్తా 9,600 రూపాయలకు కొన్నారనుకుందాం. బస్తాకి 18 కిలోల పప్పు వస్తే కిలో పప్పుకి పిక్క ఖర్చు 533. ఉడకబెట్టడం, కోయడం, ఆరబెట్టడం, పొర తీయడం, గ్రేడింగ్, ప్యాకింగ్ కలిపి 80 అనుకుంటే 613. గుండు, బద్ద, నూక అన్నీ కలిపి సగటున 680 వస్తే కిలోకి 67 మిగులుతుంది. అదే బస్తాకి 16.5 కిలోలే వస్తే పిక్క ఖర్చు 582కి ఎక్కి, మిగిలేది 18. కిలోన్నర తగ్గితే లాభంలో దాదాపు నాలుగింట మూడు వంతులు మాయం. పెద్ద యూనిట్ అయితే ఈ నష్టమూ పెద్దదే.

అందుకే కొనేముందు కోత పరీక్ష చేయాలి. పది పదిహేను బస్తాల పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి గుప్పెళ్లు తీసి కలిపి, అందులోంచి కిలో తూచండి. ప్రతి పిక్కనీ రెండుగా కోసి మంచివి, మచ్చ ఉన్నవి, లేతవి, ఖాళీవి వేరు చేయండి. మంచి గింజ బరువుకి మచ్చవాటిలో సగం కలపండి. 270 గ్రాములు తేలితే బస్తాకి పొరతో 21.6 కిలోలు. పొర, తేమ పోయాక ఇంకా తగ్గుతుంది. కోసేటప్పుడు చేతులకు ఆముదం రాసుకోవాలి, పెంకు జిడ్డు చర్మాన్ని కాలుస్తుంది.

పచ్చి పిక్క కొంటే నీటికి కూడా డబ్బు కట్టినట్టే. గుప్పెడు పిక్కలు ఊపితే గలగలమనాలి. తేమ 8, 9 శాతానికి దిగేదాకా ఎండబెట్టకుండా నిల్వ చేస్తే బూజు పట్టి పప్పు నల్లబడుతుంది. మొదటి సీజన్‌లో పది ఇరవై బస్తాలు కొని, పలాసలోనో ఊళ్లోనో కూలికి ఆడించి, అమ్మి చూడండి. మీ లెక్కకీ వచ్చిన పప్పుకీ తేడా ఎంతో తెలిశాకే యంత్రం సంగతి.

ఏజెన్సీ ఊళ్లో స్థలం చవగ్గా ఇస్తామంటున్నారు. షెడ్డు వేసుకోవచ్చా?

రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, నవరంగపూర్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం. గజపతి జిల్లాలో కొంత భాగం అందులోకే వస్తుంది. 1956 నాటి నిబంధన ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ చెల్లదు. తెల్లకాగితం అగ్రిమెంటు, పనివాడి పేరున కొనడం, దీర్ఘకాలం లీజు పేరుతో తీసుకోవడం ఇవన్నీ అదే గోతిలోకి దింపుతాయి. షెడ్డు మీద పెట్టిన డబ్బు వెనక్కి రాదు. గిరిజనేతరుడి భూమి అయినా ఒడిశా భూరికార్డుల భూలేఖ్ పోర్టల్‌లో పట్టా తీసి యజమాని పేరు, భూమి కిసం (రకం) చూడండి. వ్యవసాయ భూమి అయితే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ కింద వ్యవసాయేతర భూమిగా మార్పిడి చేయించాకే పునాది తవ్వాలి. పట్టా ఒడియాలో ఉంటుంది. చదవడం రాకపోతే అమ్మేవాడి మనిషిచేత చదివించుకోవద్దు.

## డబ్బు సమకూర్చుకునేటప్పుడు

ముద్రా తీసుకోవాలా, పీఎంఈజీపీకి వెళ్లాలా?

ముద్రాలో శిశు 50 వేల వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు. తరుణ్ తీసుకుని సక్రమంగా తీర్చినవాళ్లకు తరుణ్ ప్లస్ కింద 20 లక్షల వరకు. తాకట్టు అడగరు, సబ్సిడీ ఉండదు. నడుస్తున్న చిన్న వ్యాపారానికి ఇదే తేలిక.

పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం) తొలి అప్పు కొత్త యూనిట్లకే. తయారీకి 50 లక్షలు, సేవలకు 20 లక్షలు ప్రాజెక్టు పరిమితి. సబ్సిడీ సాధారణ వర్గానికి పట్నంలో 15, పల్లెలో 25 శాతం. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వంటి ప్రత్యేక వర్గాలకు 25, 35. పల్లెలో ఒక మహిళ 10 లక్షల తయారీ యూనిట్ పెడితే సొంత వాటా 50 వేలు, సబ్సిడీ మూడున్నర లక్షలు. కానీ ఆ మూడున్నర లక్షలు చేతికి రావు. బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాకే అప్పులో సర్దుతారు. సబ్సిడీని సరుకు కొనే డబ్బుగా లెక్కేసుకున్నవాళ్లు మొదటి సీజన్‌లోనే ఇరుక్కుంటారు. ఈ పథకానికి ఆమోదం 2025-26 వరకు ఇచ్చారు కాబట్టి, కాగితాలు సిద్ధం చేసేముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో ప్రస్తుత స్థితి కనుక్కోండి. ఉద్యం నమోదు (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) మాత్రం పూర్తిగా ఉచితం. దానికి డబ్బు అడిగే వెబ్‌సైటు ప్రభుత్వానిది కాదు.

మా బావ డబ్బు పెడతానంటున్నాడు, పని నాది. వాటా ఎలా పంచుకోవాలి?

జీతాన్నీ లాభాన్నీ కలపొద్దు. గొడవ అక్కడే పుడుతుంది. పని చేసేవారికి ముందు నెలకింత అని జీతం. తర్వాత పెట్టుబడికి ఒప్పుకున్న వడ్డీ. ఆ రెండూ పోగా మిగిలిందే లాభం, దాన్ని వాటాల ప్రకారం పంచుకోవాలి. ఇది ఒప్పందంలో రాయకపోతే 1932 భాగస్వామ్య చట్టం తన సొంత లెక్క వేస్తుంది: లాభనష్టాలు సమానం, పని చేసినందుకు జీతం లేదు, మూలధనం మీద వడ్డీ లేదు. అంటే మీరు పగలంతా షాపులో కూర్చున్నా, ఆయన పది లక్షలు పెట్టినా చట్టం దృష్టిలో సగం సగమే.

సంస్థను రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ కాని సంస్థ తన బాకీదారు మీద కోర్టుకెళ్లలేదు. ఇద్దరిలో ఒకరు తప్పుకుంటే సరుకుకీ బాకీలకీ విలువ ఎలా కట్టాలి, డబ్బు ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి అన్నది మాట మంచిగా ఉన్నప్పుడే రాసుకోవాలి. "మనలో మనకి కాగితాలెందుకు బావా" అని ఆయన అంటే, అక్కకీ పిల్లలకీ రేపు లెక్క తెలియాలి కదా అనండి.

తెలిసినవాళ్లు పదిహేను మంది దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తీసుకుంటే ఇబ్బందేమైనా ఉందా?

ఉంది. బంధువుల దగ్గర చేబదులు వేరు, నెలనెలా వడ్డీ ఇస్తానని ఊళ్లోవాళ్ల దగ్గర పోగుచేయడం వేరు. రెండోది 2019 నాటి నియంత్రణ లేని డిపాజిట్ల నిషేధ చట్టం కిందికి రావచ్చు. ఒడిశాలో డిపాజిటర్ల రక్షణకు 2011 నుంచి వేరే చట్టమూ ఉంది. వ్యాపారం దెబ్బతిని వడ్డీ ఆగితే సివిల్ తగాదా కాస్తా క్రిమినల్ కేసవుతుంది. బంధువుల దగ్గరైనా 20 వేలు, అంతకు మించిన అప్పు నగదుగా తీసుకోవద్దు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఎంత తీసుకున్నారో అంతా జరిమానా పడవచ్చు. తిరిగి ఇవ్వడమూ బ్యాంకు ద్వారానే. ఇంకో లెక్క కూడా చూసుకోండి: నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. కిరాణా మీద అంత మిగలడం లేదు.

ప్రైవేట్ లిమిటెడ్ పెడితే అప్పులు మన మీదికి రావంటారు కదా?

కాగితం మీద అంతే. కానీ కొత్త కంపెనీకి అప్పు ఇచ్చేటప్పుడు డైరెక్టర్ల వ్యక్తిగత హామీ అడగడం మామూలు. ఆ సంతకంతో కంపెనీ గోడ కూలినట్టే. ఏటా ఆడిట్, వార్షిక ఫారాలు తప్పవు. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయలు. బయటివాళ్లకి షేర్లు ఇచ్చే ఆలోచన లేనప్పుడు, ఒక్కరే నడిపే షాపుకి సొంత పేరున వ్యాపారం చాలు.

## సరిహద్దు దాటి అమ్మేటప్పుడు

మాది పర్లాకిమిడి. అవతలే పాతపట్నం. అక్కడికి సరుకు పంపితే జీఎస్టీ తప్పనిసరా?

సరుకు అమ్మేవాళ్లకి ఒడిశాలో 40 లక్షల టర్నోవర్ వరకు నమోదు అక్కర్లేదు. కానీ రాష్ట్రం దాటి సరుకు పంపితే ఆ పరిమితి పనిచేయదు. మొదటి పార్శిల్‌ నుంచే నమోదు ఉండాలి. చేతివృత్తుల వంటి కొన్నింటికి మినహాయింపు ఉంది. పాతపట్నం నుంచి నమోదు లేని కొనుగోలుదారు మీ కొట్టుకొచ్చి బేరమాడి సంచీలో పట్టుకెళ్తే, బిల్లులో ఆంధ్ర చిరునామా రాయనంతవరకు అది స్థానిక అమ్మకమే.

కాంపోజిషన్ స్కీం తీసుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు. కోటిన్నర టర్నోవర్ వరకు తక్కువ పన్నుతో సరిపోతుంది నిజమే, కానీ అందులో ఉంటే రాష్ట్రం బయటికి సరుకు అమ్మడానికి వీల్లేదు. బయటినుంచి కొనుక్కోవచ్చు. మీ ఖాతాదారుల్లో సగం శ్రీకాకుళం జిల్లావాళ్లైతే ఈ స్కీం మీకు పనికిరాదు. రాష్ట్రం దాటే సరుకు విలువ 50 వేలు మించితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఉండాలి. బండి అరగంట దూరమే వెళ్తున్నా సరే.

అవతల గోడౌన్ అద్దె తక్కువ. అక్కడ సరుకు పెట్టి ఇక్కడ బిల్లు వేయొచ్చా?

కుదరదు. జీఎస్టీ నమోదు రాష్ట్రానికొకటి. ఆంధ్రలో సరుకు ఉంచి అక్కడినుంచే అమ్మితే అక్కడా నమోదు కావాలి. మీ ఒడిశా నమోదు నుంచి మీ ఆంధ్ర నమోదుకి సరుకు పంపినా పన్ను బిల్లు వేయాలి. అద్దెలో మిగిలింది రెండు రిటర్నుల ఫీజుకి పోతుందేమో ముందు చూడండి.

రైతుల దగ్గర నేరుగా జీడిపిక్క కొంటే పన్ను ఎవరు కట్టాలి?

మీకు జీఎస్టీ నమోదు ఉంటే మీరే, రివర్స్ ఛార్జి కింద 5 శాతం. దాన్ని క్రెడిట్‌గా తర్వాత వాడుకోవచ్చు, కానీ ముందు నగదుగా కట్టాలి. పది లక్షల పిక్క కొంటే 50 వేలు సీజన్ మధ్యలోనే చేతినుంచి కదులుతాయి. పెట్టుబడి లెక్కలో ఈ వరుస చాలామంది వేసుకోరు.

పెద్ద షాపులు మూడు నెలల అరువు అడుగుతున్నాయి. ఇవ్వకపోతే ఆర్డరు పోతుంది.

నెలకి లక్ష సరుకు మూడు నెలల అరువుకి ఇస్తే మీ డబ్బు మూడు లక్షలు వాళ్ల అల్మరాలో కూర్చున్నట్టు. ఉద్యం ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారుకి 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం కింద రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు రావాలి. ఆలస్యానికి బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ. ఫిర్యాదుకి కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. కొని అమ్మే వర్తకులకు ఈ రక్షణ వర్తించదు. చెక్కు చెల్లకపోతే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అది అందాక 15 రోజుల గడువు, ఆపై నెలలోపు కోర్టులో ఫిర్యాదు. తారీఖు దాటితే కేసు నిలవడం కష్టం.

## పరిస్థితి మారినప్పుడు

తుఫానుకి సరుకంతా పోతే? బీమా నిజంగా పనికొస్తుందా?

ఈ తీరంలో అక్టోబర్ రెండో వారం గుర్తుపెట్టుకోవాలి. ఫైలిన్ 2013 అక్టోబర్ 12న గోపాలపూర్ దగ్గర, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖలో, తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస వైపు తీరం దాటాయి. తిత్లీ గాలికన్నా గజపతి కొండల్లో కురిసిన వాన ఎక్కువ నష్టం చేసింది. కాబట్టి సముద్రానికి దూరంగా ఉన్నాం అన్న ధీమా చెల్లదు. దసరా, దీపావళి సరుకు దించేది కూడా అదే వారంలో కావడం అసలు ఇబ్బంది. వీలైతే రెండు విడతల్లో దించుకోండి. బస్తాలు నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకు అడుగు దూరంగా ఉంచండి.

5 కోట్ల లోపు ఆస్తికి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ ఉంది. అగ్నితోపాటు తుఫాను, వరద కూడా వస్తాయి. ప్రీమియం మిగులుతుందని సరుకు విలువ సగానికి చూపిస్తే నష్టపరిహారమూ ఆ నిష్పత్తిలోనే కోస్తారు. 15 శాతం వరకు తేడానే వదిలేస్తారు. స్టాకు రిజిస్టరు, కొనుగోలు బిల్లుల ఫొటోలు ఫోన్లోనే కాకుండా మెయిల్లో కూడా పెట్టండి. గోడౌన్‌తోపాటు ఫోనూ తడిసిపోవచ్చు.

అమ్మకాలు తగ్గాయి. ధర పది శాతం తగ్గిస్తే సరిపోతుందా?

నూరు రూపాయల వస్తువు మీద 25 మిగులుతోందనుకుందాం. ధర 90 చేస్తే మిగిలేది 15. మునుపటి లాభం రావాలంటే వంద అమ్మిన చోట 167 అమ్మాలి. అంత పెరుగుతుందని నమ్మకం లేకపోతే ధర ముట్టుకోకండి. చిన్న ప్యాకెట్ తేవడం, నడవని రకాలు ఆపేయడం, ఇంటికి పంపడం ముందు ప్రయత్నించండి. బరంపురంలో అప్పడాలూ ఊరగాయలూ అమ్మేవాళ్ల మధ్య పోటీ ధర మీద పెట్టుకుంటే, ఆఖరికి నూనె నాణ్యత తగ్గించుకోవాల్సి వస్తుంది. తిన్నవాడికి అది మొదటి ముద్దలోనే తెలుస్తుంది.

ఎన్నాళ్లు చూడాలి? ఎప్పుడు దారి మార్చాలి?

తేదీ, డబ్బు, కొలత ఈ మూడూ మొదలుపెట్టే రోజునే కాగితం మీద రాసి ఇంట్లో ఒకరిచేత సంతకం చేయించండి. "మార్చి 31 దాకా, రెండు లక్షలు దాటకుండా, నెలకి నలభై మంది మళ్లీ కొనేవాళ్లు ఉండాలి" అన్నట్టు. నష్టం మొదలయ్యాక రాసుకునే గీత రోజురోజుకీ జరిగిపోతూ ఉంటుంది. గీత దాటితే అన్నీ ఒక్కసారి మార్చొద్దు. వస్తువు అదే ఉంచి కొనేవాళ్లని మార్చండి, లేదా కొనేవాళ్లని ఉంచి వస్తువు మార్చండి. రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఇంతకుముందే పెట్టిన డబ్బుని కొత్త నిర్ణయంలోకి తేకండి. మార్చినా మార్చకపోయినా అది వెనక్కి రాదు.

## ఇతరుల వ్యాపారంలో డబ్బు పెట్టేవారికి

స్నేహితుడి కొడుకు కంపెనీలో ఐదు లక్షలకి పది శాతం ఇస్తామంటున్నారు. సరైన ధరేనా?

ఐదు లక్షలకి పది శాతమంటే, మీ డబ్బు కలిపాక కంపెనీ విలువ 50 లక్షలు, కలపకముందు 45 లక్షలు అని అవతలివాళ్లు చెబుతున్నట్టు. ఇంకా ఏమీ అమ్మని కంపెనీ అయితే ఆ 45 ఎక్కడినుంచి వచ్చిందో అడగండి. తర్వాతి విడతలో ఇంకొకరు 20 శాతం తీసుకుంటే మీ పది ఎనిమిదవుతుందని కూడా గుర్తుంచుకోండి.

పద్ధతి ముఖ్యం. ప్రైవేట్ కంపెనీ షేర్లు ఇచ్చేటప్పుడు ప్రతిపాదన పత్రం, రిజిస్టర్డ్ వాల్యూయర్ (విలువ కట్టే నిపుణుడి) నివేదిక ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారా, వేరే ఖాతాలో పడాలి. 60 రోజుల్లో షేర్లు కేటాయించకపోతే తర్వాతి 15 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, లేదంటే 12 శాతం వడ్డీతో. నగదు ఇచ్చి "నీ వాటా నోటుబుక్కులో రాశాను" అనిపించుకుంటే మీ దగ్గర షేరు లేనట్టే. ఏంజెల్ ట్యాక్స్ (షేర్లను అసలు విలువకి మించి అమ్మితే కంపెనీ మీద పడిన పన్ను) గురించి భయపెడితే, అది 2024 బడ్జెట్‌లో తీసేశారు.

అప్పుగా ఇవ్వడం మంచిదా, వాటాగానా?

వ్యాపారం నెలనెలా డబ్బు తెచ్చేదైతే అప్పు. నాలుగైదేళ్లదాకా ఏమీ రాకపోయినా ఒక్కసారి పెద్దగా పెరగగలిగేదైతే వాటా. కొత్త కంపెనీని వాయిదాలతో పిండితే చెట్టు పెరగకముందే కొమ్మ కోసినట్టు. కన్వర్టబుల్ నోటు (ముందు అప్పుగా ఇచ్చి తర్వాత షేర్లుగా మార్చుకునే పత్రం) మాట వినబడుతుంది కానీ అది గుర్తింపు పొందిన స్టార్టప్‌కి, ఒకరు ఒక్క విడతలో 25 లక్షలకు తగ్గకుండా ఇస్తేనే. ఐదు లక్షలవారికి అది కాదు.

డబ్బు పెట్టేముందు ఏమేం చూడాలి?

కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీ పేరు కొడితే డైరెక్టర్లు, చివరిసారి లెక్కలు ఎప్పుడు దాఖలు చేశారు, ఆస్తుల మీద ఎవరికి తాకట్టు ఉంది అన్నది తెలుస్తుంది. జీఎస్టీ పోర్టల్‌లో రిటర్నులు వేస్తున్నారో లేదో చూడండి. బ్యాంకు స్టేట్‌మెంట్ ఆరు నెలలది అడగండి, ఎక్సెల్ కాగితం కాదు. ఇద్దరు ఖాతాదారులతో మీరే ఫోన్లో మాట్లాడండి. వ్యవస్థాపకులు ఇద్దరైతే, ఒకరు వెళ్లిపోతే వాళ్ల షేర్లు ఏమవుతాయో రాసుందా చూడండి. నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా, మొదటి ఏడాది నిండాకే దక్కేలా పెట్టడం వాడుక. అది లేకపోతే ఆరు నెలలకే వెళ్లినవాడు సగం కంపెనీ పట్టుకెళ్తాడు.

ఒక్కదాంట్లో పెట్టాలా, పంచి పెట్టాలా?

పంచండి. తొలి దశ కంపెనీల్లో ఎక్కువ భాగం పెట్టింది కూడా తిరిగి ఇవ్వవు. మొత్తం ఆస్తిలో పోయినా బాధపడని పది శాతాన్ని మించకుండా తీసి, దాన్ని కూడా నాలుగైదు చోట్ల, మూడు నాలుగేళ్ల మీద పెట్టండి. ప్రతి దాంట్లో మొదట సగమే పెట్టి, చెప్పిన పని చేశారో చూశాక మిగతాది.

## ఆపేయాల్సి వచ్చినప్పుడు

వ్యాపారం ఆపేశాం. కాగితాలు అలాగే వదిలేస్తే ఏమవుతుంది?

షట్టర్ మూసినా జీఎస్టీ రిటర్నుల గడువు ఆగదు. అమ్మకాల్లేని రిటర్నుకీ ఆలస్య రుసుము పడుతూనే ఉంటుంది. ముందు ఆర్ఈజీ-16 ఫారంలో నమోదు రద్దుకి దరఖాస్తు పెట్టి, రద్దయిన మూడు నెలల్లో చివరి రిటర్ను జీఎస్టీఆర్-10 వేయండి. కంపెనీ అయితే బాకీలన్నీ తీర్చి, ఎస్టీకే-2 ఫారంతో 10 వేల రుసుము కట్టి పేరు తీయించుకోవాలి. అంతకు ముందు పెండింగ్ ఫారాలు వేయక తప్పదు. భాగస్వామ్యం అయితే విడిపోయిన సంగతి సరఫరాదారులకు రాతపూర్వకంగా తెలపండి. లేదంటే పాత భాగస్వామి రేపు తెచ్చే అరువుకి మీరూ బాధ్యులే. వాటా పెట్టినవాళ్ల షేర్ల నష్టం, ఆ షేర్లు బదిలీ అయినప్పుడో రద్దయినప్పుడో లెక్కకొస్తుంది. గడువులోగా రిటర్ను వేస్తే దాన్ని ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు. కరెంటు కనెక్షన్ డిపాజిట్, షాపు అడ్వాన్సు, గ్యాస్ సిలిండర్ల డిపాజిట్ కూడా వెనక్కి అడిగి తెచ్చుకోండి. ఆ హడావిడిలో చాలామంది వాటిని వదిలేస్తారు.